వీరభద్రయ్య ఆకు

కండె కండె తిరగవే,
కొండ మీద చినుకు పడె,
అక్క కట్టే చీరకు
అంచు నేసిందెవరే...

ఇంతవరకే నాకు వచ్చు. దీని తర్వాత ఇంకొక మాట ఉండాది. పెనుకొండలో మా అవ్వ పడసాలలో రాట్నం ముందర కూర్చుని పట్టుపోగు కండెలకు చుడుతూ ఈ పాట పాడేది. ‘నేసిందెవరే’ అనే కాడికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పాట ఆగిపోయేది, రాట్నం మాత్రం తిరుగుతానే ఉండేది.

“ఎవరు నేసింది అవ్వా?” అని అడిగేదాన్ని.

“పోవే రత్నీ, పాట అయిపోయింది” అనేది.

నా పేరు నాగరత్నమ్మ. రత్నీ అని పిలిచింది లోకంలో ఆమె ఒక్కతే. ఆమె పోయినాక ఆ పిలుపూ పోయింది. నా మొగుడికి కూడా ఆ పేరు తెలియదు.

నన్ను ధర్మవరంలో మా అవ్వ పుట్టింటికే కోడలిగా ఇచ్చినారు. పట్టుచీరలు నేసే ఇల్లు. పడసాల పక్కన మగ్గం గది. నేలలో నడుము లోతు గుంత తీసి, నేసే మనిషి ఆ గుంతలోకి కాళ్ళు వేలాడేసి తొక్కుతూ నేసే పాతకాలపు మగ్గం అది. మా ఆయన పోయినాక దాని మీద కూర్చున్నోళ్ళు లేరు. వీధంతా ఇప్పుడు మరమగ్గాలే. పొద్దస్తమానం టకటకమంటానే ఉంటాయి. ఆ చప్పుడుకు ఎంత అలవాటు పడిపోయినామంటే, అది ఆగితేనే మాకు చెవులు నొప్పి పెడతాయి.

పెద్దల అమావాస్యకు ఆ మగ్గం గదిలోనే పెద్దలకు పెడతాము. గోడ వెంబడి అరిటాకులు పరిచి అన్నం, అలసంద వడలు, ఓళిగలు, గుమ్మడికాయ కూర వడ్డించి, ఒక్కొక్క ఆకు ముందర కొత్త బట్ట పెడతాము. మగోళ్ళకు పంచె, ఆడోళ్ళకు చీర. ఇంటి పెద్దకోడలు ఆకు ఆకు దగ్గరా నిలబడి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలవాల. ఆ తర్వాత సాంబ్రాణి పొగ వేసి, తలుపు మూసి, అందరమూ పడసాలలో మాట్లాడకుండా కూర్చోవాల. సాంబ్రాణి ఆరిపోయినాక తలుపు కొట్టి లోపలికి పోతాము.

“పేరు తప్పు పిలవగాకు పాపా” అని మా అత్త నాకు చెప్పింది. “పిలవనోళ్ళు గడప దాటి రాలేరు. పిలిస్తే మాత్రం ఎవరో ఒకరు వస్తారు.”

కొత్త కోడలిని. ఆ మాటలో సగమే నాకు అర్థమయింది.

అన్ని ఆకులూ పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. ఒక్క వీరభద్రయ్య తాత ఆకు మాత్రం నాకినట్టు ఖాళీగా ఉంటుంది. ఈ తాత మా పెనుకొండ అవ్వకు సొంత తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు మగ్గం మీద చీర కోసుకుని రాత్రికి రాత్రి పారిపోయినాడని ఇంట్లో చెప్పేవాళ్ళు. తిరిగి కబురు లేదు. బతికినాడో పోయినాడో తెలియకుండానే కొన్నేళ్ళకు ఆయనకూ ఆకు వేయడం మొదలుపెట్టినారు. మొదలుపెట్టిన ఏడే ఆకు ఖాళీ అయిందంట. నేను కాపురానికి వచ్చిన తొలి అమావాస్యకు నా కళ్ళతో చూసినా. అదే మా ఇంటికి గొప్ప. “వీరభద్రయ్య మాత్రం తప్పకుండా వస్తాడప్పా” అని వీధంతా చెప్పుకునేది.

ఆ పిల్ల వచ్చింది పోయిన అమావాస్యకు ముందు.

నా మనవరాలు అరుణ హిందూపురంలో ఉంటాది. మా వీధి చీరలు ఫోనులో పెట్టి అమ్ముతాది. మా ఇంటి అంచులో ఒక గుర్తు ఉండాది: అంచు మీద హంసకు కన్ను ఉండదు. ఎందుకు పెట్టరో ఎవరికీ తెలియదు, పెట్టరు అంతే. అరుణ ఆ అంచును ఫోటో తీసి పెడితే, యాడో ఫ్రాన్సు దేశం నుంచి ఒక పిల్ల జాబు రాసింది. మా ఇంట్లో ఒక పాత చీర ఉంది, దానిమీద హంసకు కూడా కన్ను లేదు అని.

పేరు లిన్. సన్నగా, పొడుగ్గా, జుట్టు నడుము దాకా. అరుణ హిందూపురం స్టేషన్లో దింపుకుని నేరుగా నా దగ్గరికి తోలుకొచ్చింది.

“నమస్కారం అవ్వా. మీరు కుశలమా?” అనింది. వార్తలు చదివేవాళ్ళ మాదిరి మాట్లాడేది. రెండేళ్ళు ఎవరి దగ్గరో ఫోనులో తెలుగు నేర్చుకున్నదంట. నేను అరవై దాటినాక అరుణ దగ్గర పలక పట్టినదాన్ని. ఇద్దరమూ వీధిలో నడుస్తూ అంగళ్ళ మీద బోర్డులు కూడబలుక్కుని చదివేవాళ్ళము. ‘ప-ట్టు చీ-ర-లు’ అని నేను, ‘హో-ల్‌-సే-ల్’ అని ఆ పిల్ల. ఎవరు ముందు చదివితే వాళ్ళు రెండోవాళ్ళ వీపు మీద ఒకటి వేసేది. అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో నాకు.

ఒకనాడు మధ్యాహ్నం నా పక్కన కూర్చుని కండెలు చుట్టడం నేర్చుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

“అవ్వా, నేను పుట్టినప్పుడు అబ్బాయి అన్నారు. వాళ్ళు పొరబడ్డారు.”

నేను రాట్నం ఆపి ఆమె మొహం చూసినాను. దాపరికం లేని మొహం. “పోగు తెగుతాంది చూడు” అన్నా.

“మా అవ్వ కూడా అంతే” అనింది.

ఇంతకుముందు మా అమ్మమ్మ, మా తాత అని చెప్పేది కానీ వాళ్ళింటి మనిషిని ‘మా అవ్వ’ అనలేదు. “ఏ అవ్వ?” అన్నా.

అప్పుడు చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ పుట్టింది వియత్నాం దేశంలో, సైగాను పట్నంలో. కన్నవాళ్ళు బజారులో వదిలేసి పోతే పట్టుబట్టలు అమ్ముకునే ఒక ఆమె ఎత్తుకుని పెంచింది. ఆ పెంచినామె ఆ దేశం మనిషి కాదు. సముద్రం దాటి వచ్చింది. మగబిడ్డగా పుట్టి, ఆడదాన్నని తెలుసుకుని, ఇల్లు విడిచి వచ్చిన మనిషి. ఆ బిడ్డ ఆమెను ‘అవ్వ’ అని పిలిచేది. ఆమె పోయి, యుద్ధం ముగిసినాక మిగిలినోళ్ళు ఫ్రాన్సుకు చేరినా ఆ ఒక్క మాటా, ఒక చీరా, ఒక పాటా వాళ్ళ ఇంట్లో మిగిలినాయి. అవ్వ అంటే ఏ భాషో ఎవరికీ తెలియదు.

“ముందు సైగాన్ వెళ్ళాను” అనింది లిన్. “అక్కడ నాలాంటి వాళ్ళే నన్ను ఆమె సమాధి దగ్గరికి తీసుకెళ్ళారు. అగరొత్తులు వెలిగించాం. వియత్నాం వాళ్ళం పెద్దలకు కాగితంతో బట్టలు చేసి కాల్చి పంపుతాం. చాలాసార్లు పంపాం. కానీ ఆ అవ్వ మా అమ్మమ్మకు కలలో వచ్చి ‘చలి’ అనేది. ‘మా పుట్టింట్లో నన్నెవరూ పిలవలేదు, పిలిస్తే పోతాను’ అనేది.”

“ఎప్పుడు పోయింది తల్లీ ఆమె?”

“మా అమ్మ పుట్టిన సంవత్సరం.”

వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నా. మా పెద్దోడు నా కడుపున పడిన ఏడు. ఏదో ముల్లు మనసులో గుచ్చుకుంది. యాడ గుచ్చుకుందో మాత్రం ఆ పొద్దు తెలియలేదు.

లిన్ రాట్నం తిప్పుతూ పాట అందుకుంది. తెలుగు రాకముందే అమ్మమ్మ నోట విని నేర్చుకున్నట్టు, పలుకు వంకర్లు పోతా, ‘కండె కండె తిరగవే’ అని. ‘అంచు నేసిందెవరే’ కాడ ఆగకుండా ఆ పిల్ల ముందుకు పోయింది.

చెల్లెలు నేసిందే,
ఉలిగమ్మ నేసిందే.

మా పెనుకొండ అవ్వకు చెల్లెళ్ళు లేరు. ఉండింది ఒక్క తమ్ముడే.

సంచిలోంచి చీర తీసి నా ఒళ్ళో పెట్టింది. వంకాయ రంగు పట్టు, అంచు మీద కన్ను లేని హంసలు. వీరభద్రయ్య తాత దొంగిలించినాడని ఇంట్లో వాళ్ళు చెప్పుకున్న చీర. తనకోసం తాను నేసుకున్న చీర.

“ఒక్కసారి ఆ గదిలో ఈ చీర పెట్టి, ఉలిగమ్మ అని ఆమె పేరు పిలవండి అవ్వా. ఇంకేమీ వద్దు. పెద్దకోడలు పిలిస్తేనే వస్తారని అరుణ చెప్పింది.”

“పిలుస్తా తల్లీ” అన్నా. ఆమె చెయ్యి పట్టుకుని, “ఒట్టు” అని కూడా అన్నా.

అమావాస్య దినం పొద్దుననుంచీ మబ్బు. మా మరిది లక్ష్మన్న ఆ ఏడే కొడుక్కు మడకశిర సంబంధం చేసినాడు. కొత్త వియ్యంకులు వీరభద్రయ్య ఆకు చూసేదానికని కారు చేసుకుని వచ్చినారు. పడసాల నిండా జనం. తెలుగు సగం, కన్నడం సగం.

వంటింట్లో తోటికోడలు పుల్లమ్మ వడలు తట్టుతా నా చెవిలో మొదలుపెట్టింది.

“అక్కా, ఆ వచ్చిన పిల్ల పాదాలు చూస్తివా? మా ఆయన చెప్పులు సరిగ్గా సరిపోతాయి.”

“నూనె కాగుతాంది, చూసుకో.”

“గొంతు వింటివా? వెనకనుంచి వింటే ఎవరో కండక్టరు టికెట్ అడిగినట్టుండాది.” కిసకిసా నవ్వింది. “ఎవరో ఏమో చెప్తివి కాదు. వియ్యంకురాలు అడుగుతాంది, ఏం చెప్పేది?”

నేను బాణలిలో వడలు తిరగేసినా. లిన్ పెరటి తలుపు దగ్గర కొబ్బరికాయలు కడుగుతాంది. విన్నదో లేదో తెలియలేదు. ఆమె చేతులు ఒక్క గడియ ఆగినాయి. అంతే.

దీపాలు పెట్టే వేళకు ఆకులు పరిచినాము. చీర నా కొంగు కింద, నడుము దగ్గర దోపుకున్నా. వియ్యంకురాలు నేరుగా నన్నే అడిగింది, “ఈ అమ్మాయి ఎవరండీ?” అని.

అందరూ నా వైపు చూసినారు. లక్ష్మన్న మొహం గట్టిపడింది. చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉండింది. మా ఇంటి పిల్ల అని.

“అరుణ స్నేహితురాలు” అన్నా. “ఊరు చూసేదానికి వచ్చింది.”

లిన్ తల దించుకుంది. తెలుగు నేర్చుకున్న పిల్ల కదా. అర్థమయింది.

లక్ష్మన్న కొత్త పంచె నా చేతికిచ్చినాడు. “కానీ వదినా, పొద్దు పోతాంది.”

ఆకు ఆకు దగ్గరా నిలబడి పిలిచినా. మా మామను, మా అత్తను, మా ఆయనను. కడపటి ఆకు మగ్గం పక్కన. నడుము దగ్గర చీర నిప్పు మాదిరి కాలుతాంది. లిన్ గడప అవతల నిలబడి నా పెదవులనే చూస్తాంది. నేను పంచె ఆకు ముందర పెట్టినా.

“వీరభద్రయ్యా, రా” అన్నా.

సాంబ్రాణి వేసి తలుపు మూసినాము.

పడసాలలో అందరమూ చాపల మీద కూర్చున్నాము. బయట చినుకులు మొదలయినాయి. తడిసిన మట్టి వాసన, వడల నూనె వాసన, తలుపు సందులోంచి సాంబ్రాణి. వీధిలో మరమగ్గాలు కొట్టుకుంటానే ఉన్నాయి. అంతలో కరెంటు పోయింది. వీధి వీధంతా మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయినాయి. చెవుల్లో ఎవరో దూది కుక్కినట్టయింది.

అప్పుడు వినిపించింది... మూసిన తలుపు లోపల నములుతున్న చప్పుడు.

ఇన్నేళ్ళూ మరమగ్గాల హోరులో మాకు వినపడలేదేమో. నెమ్మదిగా... తడిగా... ఆకును గోటితో గీరుతున్నట్టు. మధ్య మధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటాంది. వియ్యంకుడు దండం పెట్టుకున్నాడు. లక్ష్మన్న గొప్పగా అందరి వైపూ చూసినాడు.

“తాత వచ్చినాడు” అని గుసగుసలాడినాడు.

సాంబ్రాణి వాసన వెనక ఇంకొక వాసన తలుపు కిందనుంచి పారుతూ వచ్చింది. పులిసిన గంజి, గుంతలో మగ్గిన తేమ. పుల్లమ్మ కొంగు ముక్కుకు పెట్టుకుంది.

లిన్ నా పక్కకు జరిగింది. ఆమె వేళ్ళు చల్లగా నా మణికట్టు మీద.

“అవ్వా... లోపల ఎవరు?”

“తాత...”

“కాదు” అనింది. “ఆమె అక్కడ ఉంది.”

చెయ్యి చూపించింది. మగ్గం గది వైపు కాదు. ఎదురుగా, పెరటి తలుపు వైపు.

వాన చప్పుడులో మొదట ఏమీ తెలియలేదు. ఆ తర్వాత... తలుపు అవతల, చూరు కింద నిలబడి ఎవరో పాడుతున్నారు. ముసలి గొంతు, మెత్తని గొంతు. వణుకుతాంది. చలికి వణికే మనిషి పంటి బిగువున పాడినట్టు.

కండె కండె తిరగవే... కొండ మీద చినుకు పడె...

గదిలో నమలడం ఆగిపోయింది.

ఎవరూ కదల్లేదు. దీపం ఒత్తి కూడా కదల్లేదు. అక్క కట్టే చీరకు... అంచు నేసిందెవరే... పాట అక్కడ ఆగింది. బదులు కోసం ఆగినట్టు ఆగింది.

“పిలవండి” లిన్ నా చెవి దగ్గర. “అవ్వా, ఇప్పుడైనా పిలవండి. ఆమె అడుగుతోంది.”

వియ్యంకురాలు నన్నే చూస్తాంది. పుల్లమ్మ నన్నే చూస్తాంది.

గది లోపల్నుంచి మగగొంతు వచ్చింది. నోటినిండా అన్నం పెట్టుకుని మాట్లాడినట్టు...

“బయటెవరు?”

లక్ష్మన్న మోచేత్తో నన్ను పొడిచినాడు. “నువ్వే కదా పిలిచింది వదినా... నువ్వే పలుకు.”

“బయటెవరు?” మళ్ళీ. ఈసారి తలుపుకు దగ్గరగా.

నేను పలికినా. దేవుడా, నేను పలికినా.

“ఎవరూ లేరు” అన్నా.

పెరటి తలుపు అవతల చిన్న ఊపిరి వినిపించింది. ఏడుపు కాదు. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి మళ్ళీ అదే మాట విన్న మనిషి విడిచే ఊపిరి. అంతే. ఆ తర్వాత వాన ఒక్కటే.

లిన్ నన్ను చూసింది. ఆ చీకట్లో కూడా ఆమె చూపు నాకు కనపడింది. కోపం ఉన్నా బాగుండేది. నా నడుము దగ్గర చెయ్యి పెట్టి, దోపుకున్న చీర మెల్లగా లాగి తీసుకుంది. నేను అడ్డం పడలేదు. సాయమూ చేయలేదు. పెరటి తలుపు తీసి వానలోకి పోయింది.

“ఉలిగమ్మవ్వా!” అని పిలిచింది. ఆ వార్తల తెలుగులో, గొంతు పగిలేటట్టు. “ఉలిగమ్మవ్వా, రండి!”

వియ్యంకురాలు “ఏమది?” అనింది. పిలుపు ఒకసారి, ఇంకొకసారి, ఇంకా దూరంగా, దొడ్డి చివరనుంచి. ఆ తర్వాత రెండు గొంతులు తగ్గు స్వరంలో మాట్లాడుకున్నట్టు అనిపించింది. వాన కదా... ఖచ్చితంగా చెప్పలేను.

కరెంటు వచ్చింది. మరమగ్గాలు ఒక్కసారిగా అందుకున్నాయి. అందరమూ ఉలిక్కిపడినాము. లక్ష్మన్న నవ్వబోయి, నవ్వలేక, మగ్గం గది తలుపు కొట్టి తీసినాడు.

వీరభద్రయ్య ఆకు ఖాళీ. అన్నం, వడలు, ఓళిగ, కూర ఏమీ లేవు. ఆకు కూడా అంచుల్లో కొరికి ఉండాది.

పంచె లేదు.

ఆకు దగ్గరనుంచి నేల మీద తడి అడుగులు. వెడల్పు పాదాలు, వేళ్ళు చాలా పొడుగు. గడప వైపు వచ్చినాయి. తలుపు వెనక, మేము కూర్చున్న చోటికి జానెడు దూరంలో, చాలాసేపు నిలబడినట్టు మడుగు కట్టి ఉండాది. అక్కడినుంచి వెనక్కి తిరిగి మగ్గం దగ్గరికి పోయినాయి. గుంత అంచున ఆగిపోయినాయి. గుంతలోంచి పైకి వచ్చిన అడుగులు మాత్రం లేవు.

లక్ష్మన్న ఫోను లైటు వేసి గుంతలోకి వంగినాడు. అట్లే వెనక్కి కూలబడినాడు. ఏం చూసినాడో ఈపొద్దుకీ చెప్పలేదు. వియ్యంకులు భోజనం ముట్టకుండా కారెక్కినారు. లక్ష్మన్న ఆ గదికి తాళం వేసి తాళంచెవి తానే పెట్టుకున్నాడు.

లిన్ పెరట్లోంచి వచ్చింది. జుట్టునుంచి, మొహంనుంచి నీళ్ళు కారుతాన్నాయి. చేతి మీద మడత పెట్టుకున్న చీర మాత్రం పొడిగా ఉండాది. నేను తాకి చూసినా. ఎవరో ఇప్పుడే ఒంటి మీదనుంచి విప్పినట్టు వెచ్చగా ఉండాది. పచ్చి పట్టు వాసన వస్తాంది.

తెల్లవారినాక ఆమె పోతానని చెప్పింది. హిందూపురం దాకా అరుణ తోడు పోయేటట్టు, అక్కడినుంచి బెంగుళూరుకు. స్టేషన్‌కు నేను కూడా పోయినా. లక్ష్మన్న కానీ పుల్లమ్మ కానీ గడప దాకా కూడా రాలేదు. దారిలో ఒక్క బోర్డు కూడా మేము చదవలేదు.

అరుణ లోపల సామాను సర్దుతుంటే లిన్ కిటికీ దగ్గర కూర్చుంది. వంకాయ రంగు చీర కట్టుకుంది. కుచ్చిళ్ళు సరిగ్గా, మా పెనుకొండ అవ్వ కట్టినట్టే, ఎడమ పక్కకు ఒక మడత ఎక్కువ. నేను నేర్పలేదు. అరుణకు రాదు.

ఆమె పక్క సీటు ఖాళీ. ఎవరో కూర్చోబోతే, “క్షమించండి, ఇక్కడ మనిషి ఉన్నారు” అనింది.

కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడినా. సిగ్గుతో కన్నెత్తలేకపోయినా. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. వచ్చింది ఆ ముల్లు ఒక్కటే.

“తల్లీ, ఆమె పోయింది మా పెద్దోడు కడుపున పడిన ఏడు. నేను కాపురానికి వచ్చింది అంతకు ముందు. అప్పటికే ఆ ఆకు ఖాళీ అవుతాండె. ఆమె సైగానులో బతికే ఉండె కదా. మేము పిలిచిన పేరూ ఆమెది కాదు. మరి... ఇన్నేళ్ళూ మేము ఇంట్లోకి పిలిచి అన్నం పెట్టింది ఎవరికి?”

లిన్ చీర కొంగు సర్దుకుంది.

“మా అమ్మమ్మ దిక్కులేని వాళ్ళ కోసం వీధిలో వేరే అన్నం పెట్టేది. గడప లోపలికి మాత్రం పిలిచేది కాదు” అనింది. “మీరు ఎవరిదీ కాని పేరు ఒకటి పిలిచారు అవ్వా. పేరు లేని వాళ్ళెవరో తీసుకున్నారు.”

“నేను నిన్న దానికి బదులు పలికినా కదా...”

లిన్ ముందుకు వంగింది. కడ్డీల మధ్యనుంచి చెయ్యి చాచి నా చెంప తుడిచింది. ఆ చెయ్యి అట్లా తుడవకుండా ఉండి ఉంటే నాకు ఇంత సిగ్గు ఉండేది కాదు.

“మన్నించు” అన్నా. ఎవరితో అన్నానో తెలియదు. ఆ పిల్లతోనా, పక్కన ఖాళీ సీటుతోనా.

రైలు కదిలింది. నేను నాలుగడుగులు కూడా నడిచినా. ప్లాట్‌ఫారం మీద అప్పటికి జనం లేరు, నేనొక్కదాన్నే. లిన్ నవ్వబోయింది. అంతలో ఆమె చూపు నా మొహం మీదనుంచి జరిగి, నా భుజం మీదుగా వెనక్కి పోయింది. పులిసిన గంజి వాసన నాకు అప్పుడు తగిలింది. నవ్వు ఆమె మొహం మీదే నిలిచిపోయింది.

“అవ్వా, రత్ని అంటే ఎవరు? మీ వెనక ఆయన ఇందాకటి నుంచి పిలుస్తున్నారు.”